గెలుపు మరిచిన చెయ్యి

పేపర్లో నాలుగు లైన్లు రాసినారు. పైన "మాజీ టెన్నిస్ ఛాంపియన్ కన్నుమూత" అని అక్షరాలు, పక్కన స్టాంపంత ఫోటో. యాడాడ ఏయే కప్పులు గెలిచినాడో రాసుకుంటా వచ్చి, కడాన "కొంతకాలం కువైట్‌లో కోచ్‌గా పనిచేశారు" అని తేల్చేసినారు. మా మనవరాలు చదివి వినిపిస్తాంటే నాకు వొళ్ళు మండింది. కొంతకాలమంట! ఆ కొంతకాలమే లేకుంటే, ఈ పిల్లను కన్న తల్లి పుట్టుండేదే కాదు.

"ఏందవ్వా, అట్ల చూస్తాండావు? నీకు తెలుసా ఈయన?" అని అడిగింది.

తెలుసు. ఉన్నన్నాళ్ళూ ఆయన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, ఇప్పుడు మాత్రం నోరెట్లా వస్తాది? మాకందరికీ ఆయన కోచ్ సారు. హైదరాబాదాయన. కప్పుల సంగతి ఆ పేపరోళ్ళకే తెలుసు, నాకు తెలీదు. నాకు తెలిసిందంతా ఆ మనిషి చెయ్యి గురించే.

అప్పుడు నేను జాబ్రియాలో ఒక కువైటీ వాళ్ళింట్లో పనికి ఉంటి. మా ఆయన ఆ పక్కనే ఉండే క్లబ్బులో వ్యాను డ్రైవరు. మేమిద్దరం రాయచోటి కాడినుంచి పోయినోళ్ళం. మా మామాకు ఒక్కతే కూతురు. ఇంటి యజమానురాలిని ఆడ అందరమూ మామా అనే అంటాం. ఆ పిల్ల సాయంత్రమైతే క్లబ్బుకు టెన్నిసు నేర్చుకునేదానికి పోయేది. నీళ్ళ సీసా, తువ్వాలు, రాకెట్ల సంచీ మోసుకోని నేను ఎనకాల. ఆట అయ్యేదాకా కంచె పక్కన బెంచీ మీద కూర్చోవాల. ఇంట్లో ఉంటే గిన్నెలు తోమాల్సిందే గదా, అందుకని నాకు ఆ బెంచీ అంటే మహా ఇష్టం.

ఆడ కూర్చోని ఎవర్ని చూస్తాం? సారునే చూస్తాంటి. పొడుగు మనిషి. కుడి ముంజేయి ఎడమదానికంటే లావు, ఇద్దరి చేతులు తెచ్చి ఒకరికే తగిలించినట్టు ఉండేది. బంతుల బుట్ట పక్కన పెట్టుకోని, ఒక్కొక్క బంతినీ బొటనవేలితో నొక్కి చూసి, మెల్లగా నెట్ అవతలికి పంపేవాడు. మొదట్లో నేను, అబ్బో మా పిల్ల భలే ఆడతాందే అనుకుంటి. యాడ నిలబడినా బంతి రాకెట్ నడిమధ్యన తగిలేది. కొన్నాళ్ళకు గదా నాకు తెలిసింది, పిల్ల బంతి దగ్గరికి పోవడంలా, బంతే పిల్ల దగ్గరికి వస్తాంది! లావు పిల్లకు రొంత దగ్గరగా, పొడుగు పిల్లకు రొంత ఎత్తుగా, బెదురు పిల్లకు మెల్లగా. ఇంట్లో తిట్లు తిని ఏడ్చుకుంటా వచ్చిన పిల్లకు ఇంకా మెల్లగా. ఎవురికి ఎట్లా పంపాలనో ఆయన చేతికి తెలుసు. పిల్ల తప్పు కొట్టినా, బాగా కొట్టినా ఆయన నోట్లోంచి ఒకటే మాట, "మల్లొకటి." తిట్టేది లేదు, మెచ్చుకునేది లేదు.

ఇంకొక పిచ్చి ఉండేది సారుకు. ఎవురు ఏం పట్టుకున్నా, ఆ పట్టు సరిగ్గా లేకుంటే ఆయన తట్టుకోలేడు. చీపురు గానీ, గరిటె గానీ, చాకు గానీ. ఒకసారి నేను బెంచీ కాడ తువ్వాలు పిండతాంటే కోర్టులోంచి నడుచుకుంటా వచ్చి, "గట్ల గాదు చెల్లె, మణికట్టు గుంజుతది. వేళ్ళు గిట్ల పెట్టు" అని నా చేతులు సర్ది, తల పక్కకు వంచి నిలబడినాడు. మనం సరిగ్గా చేసేదాకా కదల్డు మహానుభావుడు. ఆడ పిల్లకాయలంతా ఎండలో ఎదురు చూస్తాండారు! మా ఆయన్నయితే స్టీరింగు పట్టుకునేది కూడా మార్చినాడు. "ఈయన పెండ్లి చేసుకోలేదు, ఆ పుణ్యాత్మురాలెవురో బతికిపోయింది" అని మా ఆయన నవ్వేవాడు.

క్లబ్బులో పెద్ద పెద్దోళ్ళు వచ్చి, "కోచ్, మాతో ఒక్క ఆట" అని అడుగుతాండ్రి. "నా ఆట ఖలాస్" అని చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఒక రోజు వ్యానులో మా ఆయన ఉండబట్టలేక, "ఏంది సారూ, ఆడితే వాళ్ళను ఊడ్చి పారేస్తారు గదా?" అన్నాడు. ఆయన చెప్పిన మాట మా ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పినాడు. "గెలవాల్నంటే అవతలోడు లేనికాడ కొట్టాలె తమ్మీ. నేర్పాల్నంటే అవతలోడు ఉన్నకాడ కొట్టాలె. రెండు విద్యలు ఒక చేతిల ఉండయి." మేము అది వినయం అనుకున్నాం. గొప్పోళ్ళు అట్లా మాట్లాడతారులే అనుకున్నాం.

ఆ ఎండాకాలం మా మామా, ఆమె మొగుడు బాబా, పిల్ల సెలవులకని లండన్ పోయినారు. ఇల్లు నాకప్పగించినారు. ఒకనాడు పొద్దున్నే లేచి గేటు తీస్తే రోడ్డు మీద ట్యాంకులు. ఇరాకోళ్ళు వచ్చేసినారు. వీధిలో ఒక్క మనిషి లేడు. నేను గేటేసి, తలుపేసి, వంటింట్లో మూలకు కూర్చోని, దేవుళ్ళందరి పేర్లూ తలుచుకున్నా. మధ్యాన్నానికి మా ఆయన వ్యాను తోలుకోని వచ్చి, "గుడ్డలు సర్దుకో. కోచ్ సారు వాళ్ళింటికి రమ్మన్నాడు" అన్నాడు.

బ్నీద్ అల్ గార్‌లో పాత బిల్డింగు, రెండు గదుల ఫ్లాటు. మేము పోయేసరికే ఆడ ఇసకేస్తే రాలనంత మంది. కడపోళ్ళు, పీలేరోళ్ళు, గోదారోళ్ళు, పిల్లాజెల్లా. యజమానులు ఇండ్లిడిచి పారిపోతే రోడ్డున పడిన ఆడోళ్ళు ఎంతమందో. ఎవురిని వద్దన్నాడు ఆయన? మూలన రెండు చెవుల వెండి కప్పు ఒకటి ఉండేది. అందులో ఎప్పుడూ ఉల్లిగడ్డలు పోసి పెట్టుకునేవాడు. ఇప్పుడా ఉల్లిగడ్డలు కుమ్మరించి, ఆ కప్పుతోనే పూటకింత అని బియ్యం కొలిచి ఇచ్చేవాడు. మా రాయచోటి ఖాదరన్న రొట్టెల బట్టీలో పని చేస్తాండె. ఆయన దొంగచాటుగా చొక్కాలో పెట్టుకోని ఖుబ్బూస్ రొట్టెలు తెచ్చేవాడు. అరబ్బీ బాగా వచ్చేది కూడా ఆయనకే. బయట ఏం జరిగినా మాకు ఖాదరన్న నోటెంటే తెలియాల.

కొన్నాళ్ళకు బస్సుల మాట పుట్టింది. ఇండియా వాళ్ళను బస్సుల్లో బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డానుకు తీసుకుపోతారంట, ఆడినుంచి విమానమంట. పేర్లు రాయించుకుంటిమి. ఒకరోజు మా పేర్లు, సారు పేరు, అందరివీ వచ్చినాయి. ఎల్లుండి బస్సు అన్నారు. ఫ్లాటులో ఆడోళ్ళంతా ఒకర్నొకరు పట్టుకోని ఏడుపులు, నవ్వులు. నేను ఎన్నో నాళ్ళకు తలకు నూనె పెట్టుకుంటి.

ఆ సంతోషంలోనే గదా మా ఆయనకు బుద్ధి పుట్టింది! రిగ్గైలో మా పక్కూరోళ్ళు చిక్కుకుపోయి ఉండారు, క్లబ్బు వ్యానులో ఎక్కించుకోని వస్తానన్నాడు. వద్దంటే వినలా. వ్యానులో వాళ్ళకోసమని ఒక మూట రొట్టెలు పెట్టుకోని పోయినాడు. సాయంత్రమైనా రాలా. మర్నాడు పొద్దున ఖాదరన్న ముఖం వేలాడేసుకోని వచ్చినాడు. రోడ్డు మీద మిలిటరీ వాళ్ళు ఆపినారంట. వ్యాను మీద కువైటీ క్లబ్బు బొమ్మ, లోపల రొట్టెల మూట. "దాక్కోని మా మీద తుపాకులు పేలుస్తాండే కువైటీలకు కూడు మోస్తాండావురా?" అని పట్టుకోని పోయినారంట. జాబ్రియాలో మా క్లబ్బునే వాళ్ళు ఠాణా చేసుకున్నారంట, బట్టలు మార్చుకునే గదుల్లో మనుషుల్ని పెట్టి తాళాలేసినారంట.

"రేపు బస్సు గదన్నా! రేపు బస్సు!" అని నేను ఖాదరన్న చొక్కా పట్టుకోని ఊపినా. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. సారు గోడకానుకోని అంతా విన్నాడు. చెప్పులేసుకోని, "నడువుండ్రి, పోయి అడుగుదాం" అన్నాడు. అడిగితే ఇచ్చేదానికి అదేమన్నా గొడుగా? కానీ ఆ మాట అనేదానికి ఆ ఇంట్లో ఇంకో మగోడు ఎవుడున్నాడు? ఎవురిదో నల్ల అబాయా కప్పుకోని నేను కూడా పోయినా. రావద్దంటే నేను వింటానా?

క్లబ్బు కోర్టులో ఒక ఆఫీసరు గోడకు బంతి కొట్టుకుంటాండాడు. బానపొట్ట, మీసాలు, యూనిఫారం ప్యాంటు మీద బనియను. ఖాదరన్న దూరం నుంచే చేతులు జోడించి, "సయ్యిదీ, సయ్యిదీ" అని, మన అయ్యా అన్నట్టు, మొదలుపెట్టినాడు. డ్రైవరు అమాయకుడు, ఇండియావాడు, రేపు బస్సు. ఆ ఆఫీసరు తిరిగి కూడా చూడలా. బంతి కొడతానే ఉండాడు. సారు ఏం చేస్తాండాడా అని నేను పక్కకు చూస్తే, ఆయన ఖాదరన్న మాటలు వినడంలా. ఆఫీసరు చేతినే చూస్తాండాడు. నాకు అర్థమైపోయింది. "సారూ, వద్దు" అన్నా. నా మాట పూర్తి కాకముందే ఆయన కోర్టులోకి పోయి, ఆ ఆఫీసరు మణికట్టు పట్టుకోని రాకెట్టును చేతిలో రొంత తిప్పినాడు. పక్కనున్న సిపాయి తుపాకి ఎత్తినాడు. నేను కండ్లు మూసుకున్నా.

తుపాకి పేలలా. బంతి శబ్దం వినపడింది. అంతవరకు చప్పగా టప్ టప్ మంటాండింది, ఇప్పుడు గట్టిగా ఖంగుమనింది. ఆఫీసరు తన చెయ్యి తానే చూసుకుంటాండాడు. సారు ఎప్పటి మాదిరే తల వంచి పక్కన నిలబడినాడు. "ఎవడు వీడు?" అని అరిచినాడు ఆఫీసరు. "ఛాంపియన్ సయ్యిదీ! ఇండియాకు ఛాంపియన్!" అన్నాడు ఖాదరన్న.

ఆఫీసరు నవ్వి ఏందేందో చెప్పినాడు. ఖాదరన్న మాకు తెలుగులో చెప్పినాడు. "నేను బాగ్దాదులో ఆడేవాణ్ణి. నా భుజం మీద నక్షత్రాలు పెరిగేకొద్దీ నాతో ఆడేవాళ్ళంతా ఓడిపోతాండారు. నన్ను చూసి భయం వాళ్ళకు. నాకు రోత పుట్టింది. రేపు పొద్దున రా. ఒక్క సెట్టు ఆడదాం. నన్ను గెలువు, నీ డ్రైవర్ని తీసుకుపో. భయపడి ఓడిపోయినావంటే మాత్రం వాణ్ణి బస్రా జైలుకు పంపిస్తా."

నిజం చెప్తాండా, బయటికొచ్చి నేను నవ్వినా. మా ఆయన దొరికినట్టే అనుకున్నా. ఇండియా ఛాంపియను ఆ బానపొట్టోణ్ణి కొట్టలేడా? ఖాదరన్న అల్లాకు మొక్కుకుంటాండాడు. సారు మాత్రం తల దించుకోని నడుస్తాండాడు. చానా దూరం పోయినాక, "నేను ఒకల్ని ఓడగొట్టి ఎన్నేండ్లాయెనో నీకు ఎరుకేనా చెల్లె?" అన్నాడు. "అది యాడికి పోతాది సారూ, చేతిలోనే ఉంటాది" అన్నా నేను.

ఆ సాయంత్రం మిద్దె మీదికి పోయినాం. సారు రాకెట్టు పట్టుకోని, ఖాదరన్నకు బట్టీలో రొట్టెలు పెట్టే రేకు ఇచ్చి ఆ చివర నిలబెట్టినాడు. "ఖాదర్ భాయ్, నీకు తగలకుండ కొడుత. నువ్వు ఉట్టిగ నిలవడు" అన్నాడు. కొట్టినాడు. బంతి పోయి రేకుకు తగిలింది, ఠంగుమని. "పక్కకు జరుగు" అన్నాడు. ఖాదరన్న ఎడమకు జరిగినాడు. బంతి కూడా ఎడమకే పోయింది. ఠంగ్! కుడికి జరిగినాడు. ఠంగ్! ఖాదరన్న పుట్టి బుద్ధెరిగినాక బంతి పట్టుకున్నోడు కాదు. చెయ్యి కూడా కదపాల్సిన పని లేకుండె ఆయనకు. మొదట మాకు నవ్వొచ్చింది. ఖాదరన్న "నేను కూడా ఛాంపియనే!" అని గెంతినాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కండ్లు మూసుకోని కొట్టినాడు, రేకుకే. పండ్లు బిగబట్టి గట్టిగా కొట్టినాడు, మిద్దె దాటి రోడ్డు మీద పడింది.

సారు నీళ్ళ ట్యాంకు దిమ్మె మీద కూర్చున్నాడు. కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకోని ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెయ్యి నా మాట ఇంటలేదు చెల్లె. మనిషి యాడుంటే గాడికే పోతది. ఇన్నేండ్లు నేనే గట్ల అలవాటు చేసిన."

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చినాయి. "సారూ, రేపు వాడు మనిషి కాదు. గోడ అనుకో. గోడకెప్పుడూ నేర్పలేదు గదా నువ్వు" అన్నా. ఆయన సరే అన్నట్టు తలూపినాడు. ఆ పిచ్చి మాట నమ్ముకోనే నేను తెల్లారేదాకా కూర్చున్నా.

పొద్దున్నే పోయినాం. ఆఫీసరు తెల్ల నిక్కరు, తెల్ల బూట్లు వేసుకోని సిద్ధంగా ఉండాడు. "బంతులు వీడు ఏరుతాడు" అని మా ఆయన్ను తీసుకురమ్మన్నాడు. అయ్యో దేవుడా! ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఆ ఎండకు నేల కాలతాంటే కాలు మార్చి కాలు పెడతా, వంగి వంగి బంతులు ఏరతాండాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నేను ఎప్పుడూ కూర్చునే బెంచీ కాడనే నిలబడినా, కంచె పట్టుకోని.

మొదటి గేములు సారే గెలిచినాడు. గోడ అనుకున్నాడో ఏమో, ముఖంలో ఏ భావమూ లేదు. ఆయన సర్వీసు కొడితే ఆఫీసరు కదిలే లోపల బంతి ఎనక కంచెకు తగిలేది. వాడు రొప్పతాండాడు. "అంతే సారూ, అంతే" అని నేను గొణుక్కుంటాండా. అప్పుడు వాడు ఒక దెబ్బ కొట్టినాడు. బ్యాక్‌హ్యాండు. ముందురోజు సారు మణికట్టు తిప్పి నేర్పిన పట్టు. బంతి నెట్ మీద రాసుకున్నట్టు వచ్చి గీత లోపల పడింది. అంత మంచి దెబ్బ వాడు జన్మలో కొట్టుండడు. సారు దాన్ని అందుకోలా. ఆయన ముఖం చూసినా నేను. వెలిగిపోతాండాది. ఆయనకు తెలియకనే నోట్లోంచి మాట వచ్చేసింది. "మల్లొకటి!"

అయిపోయింది అనుకున్నా. అంతా అయిపోయింది.

ఆడినుంచి ప్రతి బంతీ వాడి రాకెట్ నడిమధ్యకే. వాడు లావు మనిషి గదా, ఒక అడుగు దగ్గరగా. రొప్పతాండాడు గదా, రొంత మెల్లగా. వాడు కొడతాండాడు, గెలుస్తాండాడు, ముఖం ఎర్రబడతాంది. నా చేతులు కంచెకు కోసుకోని రక్తమొస్తాంటే కూడా నాకు తెలీలా. "సారూ!" అని గొంతు చించుకున్నా. "వాడు నీ పిల్లోడు కాదు సారూ! నా మొగుణ్ణి తీసుకుపోయినోడు! ఆ కన్ను చూడు సారూ, కన్ను చూడు!" సిపాయి నన్ను ఎనక్కి నెట్టినాడు. సారు నా తట్టు చూసినాడు, మా ఆయన తట్టు చూసినాడు. పండ్లు బిగబట్టి కొట్టినాడు. గీత బయటపడింది. మళ్ళా కొట్టినాడు. నెట్‌లో పడింది. గట్టిగా కొడితే బయటికి, లోపల కొడితే వాడి చేతికి. అట్లా ఓడిపోయినాడు.

ఆఫీసరు రాకెట్టు నేలకేసి కొట్టినాడు. "నువ్వు కూడా భయపడినావు. నన్ను చిన్నపిల్లోణ్ణి చేసి ఆడించినావు" అన్నాడంట. సారు నెట్ కాడికి పోయి, "భయం కాదు సయ్యిదీ. గెలిచేది నాకు రాదు. మరిచిపోయిన" అన్నాడు. ఖాదరన్న ఆ మాటను ఏడ్చుకుంటా అరబ్బీలో చెప్పినాడు.

ఆఫీసరు తన చేతిని మడిచి చాపి చూసుకున్నాడు. మెల్లగా ఏందో అన్నాడు. నేను ఖాదరన్న భుజం పట్టుకోని ఊపితే చెప్పినాడు. "ఇన్నేండ్లలో నా బ్యాక్‌హ్యాండు ఇట్లా ఎప్పుడూ కుదరలేదు. డ్రైవరు పోవచ్చు. నువ్వు ఉంటావు. దినామూ పొద్దున నాకు నేర్పుతావు."

మా ఆయన, "నేనే ఉంటా, సారును పంపండి" అని అడ్డం పడినాడు. సారు ఆయన భుజం మీద చెయ్యేసి, "తమ్మీ, వానికి నువ్వు పనికిరావు. నాకు ఇదొక్కటే వస్తది, వానికి ఇదే కావాలె. ఇంట్ల అంతమంది ఉన్నరు, ఆళ్ళను బస్సెక్కియ్యి" అన్నాడు. ఆఫీసరును తనకోసం ఏమీ అడగలా. మా తమ్మికి చెప్పులియ్యుండ్రి, కాళ్ళు కాలుతున్నయి అని మాత్రం అడిగినాడు. చెప్పులు ఇచ్చినారు. "యల్లా" అని సిపాయి మమ్మల్ని గేటు బయటికి తోసినాడు.

నాకు సంతోషమైంది. దాచేదేముంది? మొగుడు దొరికినాడు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకోని, ఎనక్కి తిరిగి చూస్తే యాడ మళ్ళా పిలుస్తారో అని పరుగు మాదిరి నడిచినా. బస్సెక్కి ఎడారిలోకి వచ్చినాక, పక్క సీట్లో ఎవురో పెద్దాయన కూర్చోనుంటే, అది సారు కూర్చోవాల్సిన సీటు గదా అని అప్పుడు పెద్దగా ఏడ్చినా.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది, విమానాలొచ్చి బాంబులేసినాయి అని రేడియోలో విన్నాం. సారు సంగతి మాత్రం ఎవురికీ తెలీదు. చచ్చిపోయినాడనే అనుకున్నాం. మాకు పాప పుట్టి, నడక కూడా వచ్చినాక, మా ఆయన మామిడికాయల లారీ తోలుకోని హైదరాబాదు పోయినాడు. ఆడ ఎవురెవురినో అడిగి ఆయన్ను కనిపెట్టినాడు. బతికే ఉండాడు! మళ్ళా లోడుకు నేనూ పాపను చంకనేసుకోని లారీ ఎక్కినా.

ఒక్క గది. అందులో రాకెట్టు లేదు, కప్పులు లేవు. ఎవురికీ నేర్పడం లేదంట. నన్ను చూసి గుర్తుపట్టి, "చెల్లె" అన్నాడు. నేను ఆయన పొయ్యి మీదనే సంగటి కెలికినా. నా చేతిలో తెడ్డును చూసి కూడా ఏమీ అనలా. అదే నాకు భయమైంది. తిన్నాక మా ఆయన కాళ్ళ మీద పడబోతే సారు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు చెప్పినాడు.

మేము పోయిన మర్నాడు ఆఫీసరు, "నీకు జీతమేం కావాలె?" అని అడిగినాడంట. "గదుల ఉన్నోళ్ళల్ల ఒకల్ని ఇయ్యి" అన్నాడంట సారు. వాడు నవ్వి ఒప్పుకున్నాడంట. ఒక షాటు పూర్తిగా కుదిరిన రోజు ఒకర్ని ఇడిచిపెట్టాల. బ్యాక్‌హ్యాండు కుదిరిన్నాడు ఒకతన్ని ఇడిచినారు. సర్వీసుకు ఇంకొకతన్ని. నెట్ కాడ కొట్టేదానికి ఒక ముసలాయన్ని. "సారూ, నువ్వు మనిషివి కాదు, దేవుడివి" అన్నా.

"ఆగు చెల్లె" అన్నాడు. "వాడు మంచిగ నేర్చుకున్నడు. నా చేతుల గంత మంచిగ ఇంకెవ్వరు నేర్చుకోలె. ఒక్కొక్కటి నేర్చుకుంటుండె, ఒక్కొక్కటి అయిపోతుండె. నాకు బుగులు వట్టింది. ఒక్కటన్న తప్పు నేర్పుదామనుకున్న. వాని పట్టు చెడగొడితే మల్ల బాగు చేసి ఇంకొకల్ని అడుగుదును గద. ఎంత కొట్లాడిన చెల్లె నా చేతితోని! ఒప్పుకోలె. వాని చేతిల రాకెట్టు వంకర వడితే నా చెయ్యే పోయి సక్కగ వెడుతుండె. ఒకనాడు వాడు, ఇంకేమున్నది నేర్పనీకె అని అడిగిండు. ఏం లేదు సయ్యిదీ, అంత అయిపోయింది అన్న. నా చెయ్యి పట్టుకొని ఊపిండు వాడు, షుక్రన్ అన్నడు, ఇగ నువ్వు పోవచ్చన్నడు. గదులల్ల ఇంకా మనుషులుండిరి."

మా ఆయన లేచి బయటికి పోయి లారీ పక్కన నిలబడినాడు. నేను ఏమేమో చెప్పినా. ఇంతమందిని కాపాడినావు గదా, ఆ తల్లులంతా నీ పేరు చెప్పుకోని దీపం పెట్టుకుంటారు గదా అన్నా. నా పాపను ఎత్తి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టినా. ఆయన పాప తల నిమరతానే ఉండాడు, నా మాటలు చెవికెక్కలా.

"టెన్నిసుల ఇంకో షాటు ఉంటే మంచిగుండు చెల్లె" అన్నాడు.